రెప్ప వేయని భ్రమరాంబ

తెనాలిలో మగ్గం వర్క్ చేసే భ్రమరాంబకు, చట్రం ముందు కూర్చుంటే రెప్ప కూడా వేయకుండా కుడతానని మహా గొప్ప. ఆమె కుట్టిన పెళ్ళి జాకెట్ల కోసం పక్క ఊళ్ళనుంచి వచ్చేవారు. పట్టు మీద చెమట చుక్క పడితే మరక. అందుకని బల్ల ఫ్యాన్ సరిగ్గా మొహానికే తిప్పుకుని కూర్చునేది.

ఆ వైశాఖంలో పెళ్ళిళ్ళ పని మీద పడింది. కళ్ళలో ఇసుక పోసినట్టు గరగర మొదలైంది. సాయంత్రానికి నీళ్ళు ధారగా కారేవి.

"డాక్టరుకి చూపించుకోరాదూ అమ్మా!" అంది కూతురు హారిక.

"నేనక్కడ కూర్చుంటే ఈ జాకెట్టు నువ్వు కుడతావా? దుమ్ము పడుంటుందిలే."

మందుల షాపు నుంచి ఎరుపు పోగొట్టే చుక్కలు తెచ్చుకుంది. వేసుకోగానే కళ్ళు తెల్లబడేవి. మర్నాటికి మరింత ఎర్రబడేవి. మంటకు చల్లగా ఉంటుందని ఫ్యాన్‌ను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

ఒకరోజు నెమలి మెడ కుడుతుండగా పూసలన్నీ అలుక్కుపోయాయి. సూది పక్కకు దిగి పట్టు పర్రున చిరిగింది. ఆమె తలెత్తి చూసి సూది వదిలేసింది. పట్టు చిరిగినందుకు కాదు. ఎదురుగా ఉన్న కూతురి మొహం మసగ్గా కనిపించినందుకు.

"చూపు పోతోందేమోనే," అంది.

హారిక వెంటనే ఆ చుక్కల సీసాతో సహా కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ కింది రెప్పలో సన్నటి కాగితం పెట్టి తీసి చూసింది.

"కళ్ళు పొడిబారాయమ్మా."

"ఇన్ని నీళ్ళు కారుతుంటే పొడేంటండీ?"

"ఇవి మంటకు ఉబికే నీళ్ళు. కంట్లో నిలవవు. రెప్ప వేసినప్పుడల్లా కంటికి తడి అంటుతుంది. మీరు పనిలో..."

"వెయ్యనండీ! వరస తప్పుతుంది."

"ఫ్యాన్ ఎటు ఉంటుంది?"

"మొహానికే."

డాక్టరమ్మ నవ్వేసింది. "ఈ వయసులో తడి ఎలాగూ తగ్గుతుంది. ఉన్న కాస్తా ఆ గాలే తాగేస్తోంది. ఆ ఎరుపు పోగొట్టే చుక్కలు మానేసి నేనిచ్చేవి వాడండి. చూపుకేం భయం లేదు."

భ్రమరాంబ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఇవి ఏ నీళ్ళమ్మా? మంటవేనా?" అంది హారిక.

"నోర్ముయ్," అంది తల్లి, నవ్వుతూనే.

చిరిగిన చోట ఓ ఆకు కుట్టి, సంగతి పెళ్ళికూతురికి చెప్పి మరీ ఇచ్చింది. ఇప్పుడు నుదుటికి నూలు గుడ్డ కట్టుకుని, ఫ్యాన్ కాళ్ళవైపు తిప్పుకుంటోంది. వరస వరసకీ నిండుగా కళ్ళు మూసి తెరుస్తోంది. పని కాస్త నెమ్మదించింది. గరగర తగ్గుతోంది.

పని మీద ప్రేమ ఉన్నవాళ్ళు, ఆ పని చేసి పెట్టే ఒంటి బాధను మొండిగా తోసెయ్యకూడదు.