గురుగ్రహం, ఎర్ర తువాలు

అనంతాచారిగారు కృష్ణ ఒడ్డున తమ ఇంటి వసారాలోనే ఖగోళశాస్త్రం చెప్పేవారు. అడిగిన వెంటనే జవాబిచ్చే అలవాటు ఆయనకు లేదు.

ఒక ఉదయం శిష్యుడు భావన్నారాయణ అడిగాడు: "గురువుగారూ, విద్యుత్తు అంటని కణం గురుగ్రహపు అయస్కాంత క్షేత్రంలో నుంచి తిన్నగా దాటిపోతుంది. విద్యుత్తు అంటినది మాత్రం అక్కడే చిక్కి, ఒక ధ్రువం వైపు నుంచి మరొక ధ్రువం వైపుకు సుడులు తిరుగుతూ ఏళ్ల తరబడి పోయి వస్తూనే ఉంటుంది. దాని వేగానికి లోటు లేదు. చుట్టూ గోడ లేదు, తాడు లేదు. మరి దాన్ని పట్టుకున్నదెవరు?"

"మధ్యాహ్నం లాంచీలో మీ అక్క వస్తున్నదన్నావుగా. ముందు వెళ్లి చూసి రా" అన్నారు ఆచారిగారు.

అక్క తిరుపతమ్మను చూసి మూడేళ్లయింది. అత్తవారి ఊరికి పోతూ, లాంచీ రేవులో ఆగే ఆ కాసేపూ కనిపించమని ఆమె కబురు పంపింది. రేవు దారిలో ఆ రోజు ఎడ్ల బండలాగుడు పందెం జరుగుతున్నది. భావన్నారాయణకు ముందుగా మజ్జిగ కుండతో ఒక ముసలమ్మ నడుస్తున్నది.

"ఏ జత నీది, అవ్వా?" అని ఎవరో అడిగారు.

"నా కుండ నాది. తప్పుకో నాయనా" అంటూ ఆమె బరికి అడ్డంగా నడిచి అవతలికి వెళ్లిపోయింది.

అదే మాట భావన్నారాయణనూ అడిగారు. అతడు నవ్వి, ఊరికే, "ఆ నల్లకొమ్ముల జత" అన్నాడు. వెంటనే ఆ జత తాలూకు మనిషి అతని మెడలో ఎర్ర తువాలు వేశాడు. ఎడ్లు బండను ఈడుస్తూ బరి చివరకు పోతే పక్కనే అతడూ పరుగెత్తాడు. అవి మళ్లితే తానూ మళ్లాడు. ఎవరూ అతని చేయి పట్టుకోలేదు. ప్రతి కేకకూ మెడ తిరిగింది, మెడ తిరిగిన వైపుకే కాళ్లు తిరిగాయి.

లాంచీ కూత వినబడింది. భావన్నారాయణ ఉలిక్కిపడి, పక్కన నిలబడి చూస్తున్న ఒక బాటసారి మెడలో తువాలు వేసి, అంతసేపూ తిరిగిన ఆ వేగంతోనే తిన్నగా రేవుకు పరుగెత్తాడు. లాంచీ అప్పటికే ఒడ్డు విడిచింది.

తిరిగి వచ్చి గురువుగారి ముందు తలవంచుకుని కూర్చున్నాడు. చెమటకు తువాలు రంగు దిగి అతని మెడ ఎర్రగా ఉన్నది.

"చూశావా?"

"దూరం నుంచి. 'ఎవరు పట్టుకున్నార్రా నిన్ను, తమ్ముడూ?' అని లాంచీ మీది నుంచి కేకవేసింది."

"నువ్వేమన్నావు?"

"ఎవరూ పట్టుకోలేదన్నాను. అక్క నమ్మలేదు."



"పొద్దున నీ కణం గురించి నేను ఆ మాటే చెప్పి ఉంటే నువ్వు నమ్మేవాడివా?" అన్నారు ఆచారిగారు.