నీలకంఠం వేసిన పూలతోట

చుక్కమ్మ ఆడనెమలి. వయసు అయిదేళ్లు. రెండు గింజలు తిని ఒకసారి మెడెత్తి ఆకాశం చూడటం ఆమె అలవాటు. కిందటేడు గద్ద ఆమె పిల్లల్ని ఇద్దర్ని తన్నుకుపోయింది. వాళ్లుండే రాళ్లగుట్ట వాలు మీద పిల్లలు దూరడానికి ఒక్క పొద కూడా లేదు.

అందుకని తంగేడు వేసింది. ఎండుకాయలు ఏరి, గట్టి పెంకు పలచబడి మొలకెత్తేలా ఒక్కో గింజనూ గరుకు రాతిమీద గీరి, తొలకరికి వాలంతా చల్లింది. మొదటి ఏడు జానెడు మొక్కల్ని చూసి మొగుడు నీలకంఠం నవ్వాడు. రెండో ఏడు వాలంతా పసుపు పూసింది. పురుగులొచ్చాయి, తేనెటీగలొచ్చాయి, పిల్లలు పొదల కింద భయం లేకుండా మేశారు. దుప్పులూ కుందేళ్లూ చూడటానికి వచ్చి చుక్కమ్మను పలకరించాయి. అక్కడే పురి విప్పి నిలబడ్డ నీలకంఠాన్ని, పూలు కనపడటం లేదు, కాస్త జరగమన్నాయి.

నక్కకి అది చాలు. "ఏం బావా, ఇప్పుడు నిన్ను చుక్కమ్మగారి మొగుడంటున్నారట, నిజమేనా?" అంది.

ఆ రోజు నుంచి నీలకంఠానికి మేత సయించలేదు. ఇంట్లో సాధింపు మొదలుపెట్టాడు. పిల్లల్ని పట్టించుకోవడం లేదన్నాడు, ఎండకి నల్లబడ్డావన్నాడు, ఆడదానికి ఇంత పేరెందుకన్నాడు. చుక్కమ్మ పిల్లల్ని మేపుకుంటూనే విన్నది.

వేసవి చివర ఆమె తొర్రలో దాచిన గింజల్లో సగం అతను ఎత్తుకుపోయాడు. ఎలా వేయాలో అడగొచ్చు. కానీ పెళ్లాన్ని అడగటమా? రాతిమీద గీరడం ఆడవాళ్ల చాదస్తం అనుకున్నాడు. వాగు ఒడ్డున మెత్తటి నేల చూసుకుని, బాట పక్కనుంచి గేదెల పేడ మోసుకొచ్చి, గీరని గింజలు పాతి, రోజూ నీళ్లు పోశాడు.

తంగేడు గింజలు రాళ్లలా అలాగే పడున్నాయి. పేడతో వచ్చిన వయ్యారిభామ మాత్రం ఏపుగా లేచి తెల్లగా పూసింది. ఆ పిచ్చిమొక్కకి ఆ పేరు పెట్టింది మగవాడే అయ్యుంటాడు. అది తంగేడే అనుకుని నీలకంఠం అడవినంతా పిలిచాడు. పసుపు ఎవరైనా పూయిస్తారు, తంగేడుకి తెలుపు పూయించడం తన పనితనం అని చెప్పి, ఆ పూల నడుమ నాట్యానికి దిగాడు.

ముందు దుప్పికి తుమ్ములు పట్టుకున్నాయి. కుందేలు ఒళ్లు గోక్కుంది. అందరికంటే ఎక్కువగా గోక్కున్నది నీలకంఠమే, ఈకలు రాలేదాకా.

"ఇది వయ్యారిభామ, బావా. జనం చేతికి గుడ్డ చుట్టుకుని మరీ పెరికేస్తారు," అని తుమ్ముకుంటూ పోయింది నక్క.

నీలకంఠం వచ్చి పెళ్లాం మీద పడ్డాడు. మొగుడి పరువు పోతుంటే కిటుకు దాచావన్నాడు.

"దాచిందేముంది? నీ ముందే కూర్చుని గీరాను," అంది చుక్కమ్మ. "నువ్వు నిన్ను చూసేవాళ్లనే చూస్తూ కూర్చున్నావు."

నీతి: పెళ్లాన్ని అడగడం నామోషీ అనుకున్నవాడి తెలివి నలుగురి ముందూ తెల్లారుతుంది.

మిగిలిన గింజల్నీ పిల్లల్నీ తీసుకుని చుక్కమ్మ ఆ ఏడే అవతలి గుట్టకి వెళ్లిపోయింది.