ఇరుసును కోయించిన కోడలు

గుంజ కాడ ముసలెద్దు గునగునా గునగునా,
అంచు కాడ కోడెగిత్త ఉరుకో ఉరుకు...

ఆ పై చరణం నాగసానికి ఎప్పుడూ గుర్తు రాదు. చిన్ననాడు కళ్లంలో ఎడ్ల వెనక తిరుగుతూ పాడిన పాట మరి.

అనగా అనగా, ఊరికో రథం ఉన్న రోజుల్లో, ఈ నాగసాని కాచోజు అనే వడ్రంగి ఇంటి కోడలు. ఆ దేశపు రాజమాత బహు మెత్తని మనిషి. ఎద్దు వీపున ములుకోల పడితే ఆ పూట అన్నం ముట్టేది కాదు. అందుకని రాజు కాచోజును పిలిచి, "ఎడ్లూ గుర్రాలూ లేని బండి చెయ్యవోయ్" అన్నాడు.

కాచోజు చేశాడు. లోపల కండలు తిరిగిన ఇద్దరు జెట్టీలు కూర్చుని పిడి తిప్పితే ఇరుసు తిరిగేది. ఇరుసుకు బిగించిన రెండు చక్రాలూ దాంతోపాటే తిరిగేవి. రాజవీధిలో నల్లేరు మీద నడకే! కోట మలుపు రాగానే కిర్రుమని ఒక చక్రం ఈడ్చుకుపోయింది. ఇరుసు ఫెళ్లుమంది.

రెండోసారి ఇరుసును గట్టి చండ్ర కర్రతో చేసి, ఇనుప పట్టాలు వేశాడు. అదే మలుపులో ఈసారి చక్రం ఆకులు విరిగాయి. రాజమాత కింద పడింది.

రాజు కళ్లెర్రజేశాడు. "మూడోసారీ విరిగిందా, నీ బాడిసా ఉలీ కోట గుమ్మంలో పెట్టి పో! ఇక నీ వంశంలో ఎవరూ కొయ్య ముట్టడానికి వీల్లేదు."

కాచోజు ఇంటికొచ్చి కూలబడ్డాడు. "ఇంకా లావు ఇరుసు వేస్తానమ్మాయ్."

"లావుతో పని కాదు మావయ్యా. మలుపులో బయటి చక్రానికి దారి ఎక్కువ, లోపలి దానికి తక్కువ. రెంటినీ ఒకే తిరుగుడు తిరగమంటే ఎలా? కళ్లంలో వరి తొక్కించను గుంజ చుట్టూ బంతి కట్టిన ఎడ్లు చూడలేదూ? గుంజ దగ్గరిది మెల్లగా నడిస్తే, అంచుది పరుగెత్తాలి."

"అయితే?"

"ఇరుసును నడిమికి కోసెయ్యండి."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! విరుగుతోందని నేను ఏడుస్తుంటే, నన్నే కొయ్యమంటావా?"

నాగసాని నవ్వి, ముగ్గుపిండితో నేల మీద గీసింది. కోసిన చోట రెండు ముక్కల కొసలకూ చెరో పళ్లచక్రం. ఆ రెంటి నడుమ, రెంటినీ పట్టుకుని ఒక బుల్లి పళ్లచక్రం. జెట్టీలు తిప్పేది ఆ బుల్లిదాన్ని మోసే చట్రాన్ని.

కాచోజు ఆ గీతల చుట్టూ మూడుసార్లు తిరిగాడు. రంపం తీశాడు.

మూడోసారి బండి కదిలింది. తిన్నని దారిలో బుల్లిచక్రం తాను దొర్లకుండా, చట్రంతోపాటే పోతూ రెండు పక్కలనూ సమంగా తోసింది. కోట మలుపు వచ్చింది. కాచోజు కళ్లు మూసుకున్నాడు. నాగసాని మూయలేదు. బుల్లిచక్రం గిర్రున దొర్లింది. లోపలి చక్రం తగ్గించుకున్న నడకంతా బయటి చక్రానికి అందించింది. ఎంత చిన్నది, ఎంత న్యాయం తెలిసినది! కిర్రు లేదు, ఫెళ్లు లేదు. రాజమాత ఒళ్లో తాంబూలపు పళ్లెమైనా కదల్లేదు.

రాజు కంకణం తొడగబోతే కాచోజు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఈ చేతికి కాదు ప్రభూ, మా కోడలి చేతికి."

ఏళ్లు గడిచాయి. నాగసానికి ఇద్దరు పిల్లలు. కూతురు చురుకు, కొడుకు నిదానం. కన్నుమూసే ముందు మావగారు ఆమెతో అన్న ఆఖరి మాట ఇది:

"అమ్మాయ్, తోపు ఇద్దరికీ సమంగా ఇవ్వు. నడక మాత్రం ఎవరి మలుపును బట్టి వాళ్లను నడవనీ."