మెత్తటి నేల

ఒక నగరంలో ఒక ముసలామె గోతులు తవ్వేది. వానాకాలంలోనే తవ్వేది. ఎండల్లో అక్కడి నేల రాయిలా బిగుసుకుపోతుంది, గడ్డపార దిగదు. చావులేమో ఎండల్లోనే ఎక్కువ. అందుకని నేల నాని ఉన్నప్పుడే రాబోయే ఎండాకాలానికి సరిపడా తవ్వి, పైన తాటాకులు కప్పి పెట్టుకునేది. ఆమె తల్లి కూడా అలాగే చేసింది.

ఆ నగరంలో తుపాకులకు వేళలున్నాయి. వానాకాలమంతా మూలన పడి ఉంటాయి. చలిలో ఎప్పుడో ఒకటి దగ్గుతుంది. ఎండలు ముదిరాయా, పొద్దు గుంకే వేళకు అన్నీ నిద్ర లేస్తాయి. కారణం చెప్పడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. బీదవాళ్ళవన్నీ రేకుల ఇళ్ళు. పగలంతా కాలిన రేకు సాయంత్రానికి మనుషుల్ని వీధిలోకి తరుముతుంది. వీధి నిండా మంచాలు, మంచాల నిండా పిల్లలు, కుళాయి దగ్గర బిందెలు, బిందెల దగ్గర మాటా మాటా. మగాళ్ళ మొలల్లో తుపాకులు. ఆ తుపాకులన్నీ రాజుగారి కొలిమిలో పుట్టినవే. అయినా రాజుగారు పండితుల్ని కూర్చోబెట్టి, మూడేళ్ళు ఆలోచించి, తప్పంతా ఎండదేనని తేల్చారు.

ఆ ఏడు వాన తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం, ముసలామె మనవరాలు నూకాలు గోతి గట్టున కూర్చుని కాళ్ళు లోపలికి వేలాడేసింది. ఏడేళ్ళ పిల్ల. తల్లీ తండ్రీ లేరు. ముసలామెకు ఈ లోకంలో మిగిలింది ఆ పిల్లే.

“అమ్మమ్మా, ఇది ఎవరికే?”

“ఇంకా తెలీదే.”

“మరి వాళ్ళకి తెలుసా?”

గడ్డపార ఆగింది. “తెలీదు.”

“అయితే ఇప్పుడు అన్నం తింటూ ఉంటారేమో!” అని పిల్ల నవ్వింది.

ముసలామె పైకెక్కి ఆ గోతిని పూడ్చేసింది. మర్నాడు మిగతావీ పూడ్చడం మొదలెట్టింది. తను ముందే సిద్ధం చేసి పెట్టబట్టే కదా, ఊరు ఇంత సుఖంగా చస్తోంది! గోతులు లేకపోతే శవాలు వీధిలో ఉంటాయి. వీధిలో ఉంటే ఆ రాజు కంట పడతాయి. అదీ ఆమె లెక్క.

కబురు తెలిసి రాజుగారి అధికారి గొడుగేసుకుని వచ్చాడు.

“ఏమే, మతి పోయిందా? ఎండాకాలానికని తవ్వినవి పూడుస్తావేం?”

“మీకెందుకు బాబూ అంత బెంగ? మీవాళ్ళ కోసం ఏదైనా గొయ్యి చూసి పెట్టుకున్నారా?”

“నోరు ముయ్! ఎండని ఎవరాపుతారే?”

“ఎండని ఆపమన్నానా? కొలిమిని ఆపమనండి.”

అధికారి గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. “ఈసారి గట్టి ఆజ్ఞ వస్తోంది. ఎండలున్నన్నాళ్ళూ పొద్దు వాలాక ఎవరూ గడప దాటకూడదు. ఇంట్లో కూర్చున్నవాణ్ణి తూటా వెతుక్కుంటూ రాదు.”

“మీ ఇంటికి పైన రేకులేనా బాబూ?”

ఆయన వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

ఎండలు వచ్చాయి. ఎంత నోరున్న మనిషైనా, పిల్ల కోసం ఆజ్ఞకు తల వంచింది ముసలామె. నాలుగు సాయంత్రాలు తలుపు గడియ పెట్టి, తడిగుడ్డతో పిల్ల ఒళ్ళు తుడుస్తూ కూర్చుంది. అయిదో సాయంత్రం నూకాలు పెదవులు పగిలి, కళ్ళు తేలేసింది.

“ఒక్కసారి గాలి, అమ్మమ్మా.”

పక్కిళ్ళలో కూడా గడియలు ఒక్కొక్కటే ఊడుతున్న చప్పుడు. ముసలామె తన చేత్తోనే గడియ తీసింది. “గడప మీదే కూర్చో. దిగావో, కాళ్ళు విరగ్గొడతా.”

పిల్ల గడప మీదే కూర్చుంది. గాలి వచ్చి జుట్టు లేపింది. “హాయిగా ఉందే,” అని కళ్ళు మూసుకుంది. మలుపులో కుళాయి దగ్గర ఇద్దరు మగాళ్ళు వంతు కోసం అరుచుకుంటున్నారు. ఆ తూటా నూకాలు కోసం వచ్చింది కాదు. అది పోయే దారిలో నూకాలు ఉంది, అంతే.

తెల్లారి శ్మశానంలో ముసలామె గడ్డపార ఎత్తింది. నేల దాన్ని తిప్పి కొట్టింది. మధ్యాహ్నం దాకా పొడిస్తే బెత్తెడు లోతు కూడా దిగలేదు. ముగ్గురు చచ్చినవాళ్ళతో ఇంకో మూడు కుటుంబాలు నీడలో నిలబడి ఉన్నాయి. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అనుంటే కొంచెం ఊపిరాడేది.

ఆమె గుడ్డలో చుట్టిన పిల్లను భుజాన వేసుకుని, గడ్డపార పట్టుకుని, నేరుగా కోటకు నడిచింది. మిగతావాళ్ళు తమ బరువులతో వెనకాలే నడిచారు. శవాన్ని ముట్టుకోవడానికి జంకి భటులు పక్కకు తప్పుకున్నారు. లోపల రాజుగారి తోట పచ్చగా ఉంది. పైన కిటికీలన్నిటికీ తడిపిన వట్టివేళ్ళ తడికలు.

“ఇక్కడ తవ్వకూడదు,” అన్నాడు ఒక భటుడు, నేల చూస్తూ.

“ఊరంతా చూశాను నాయనా. మెత్తటి నేల ఇదొక్కటే.”

గడ్డపార చప్పుడు లేకుండా దిగింది. ముందు చిన్నది, తర్వాత మూడు పెద్దవి. అవి తవ్వి, పూడ్చేసరికి పొద్దు వాలింది. పైన ఒక తడిక కొంచెం తొలిగి, మళ్ళీ మూసుకుంది.

ఊరివైపు నుంచి ఆ సాయంత్రపు మొదటి తుపాకి మోత వినిపించింది.

తోటమాలి కుండలతో వచ్చి, చిన్న మట్టిదిబ్బ దగ్గర ఆగిపోయాడు. “అమ్మా, నీళ్ళు పోసే వేళయింది. ఈ పక్క వదిలెయ్యనా?”

ముసలామె చేతుల మట్టి చీరకు తుడుచుకుంది.

“వద్దు, నీళ్ళు పొయ్యి,” అంది. “రేపటికి మెత్తగా ఉండాలి.”