తీతువు తడిపిన గుడ్లు

మా గురువుగారు చెంచురామయ్యగారిని ప్రశ్న అడగడమంటే కొరివితో తల గోక్కోవడమే. అడిగినవాడికి జవాబు దొరకదు, పని దొరుకుతుంది. కోపం ఎట్లా తగ్గించుకోవాలని ఒకసారి నేనడిగితే గంపెడు చింతపండు ముందు పోసి గింజలు తీయమన్నారు. కోపం తగ్గిందో లేదో గానీ ఆ ప్రశ్న మాత్రం మళ్ళీ అడగలేదు. నా పేరు మస్తానయ్య. మేళంలో డోలు నాది. ఇప్పుడు చెప్పబోయేది నేనడిగిన ప్రశ్న కాదు, మా పెద్ద సన్నాయి మాలకొండయ్యన్న అడిగింది. ఈసారికి పక్కన నిలబడి చూసే భాగ్యం నాకు దక్కింది.

గురువుగారు ఒకప్పుడు పెన్నకి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా పేరుమోసిన సన్నాయి. వయసు మీదపడ్డాక పెళ్ళిళ్ళు తగ్గించుకున్నారు. పొద్దున్నే ఒక కీర్తన ఊదుకుని ఏట్లోకి దిగిపోయేవారు. వరద తీశాక పెన్నలో ఇసుక బయటపడుతుంది గదా, మా ఊళ్ళో ఆ ఇసుకని పట్టీలుగా విడగొట్టి, చీట్లు వేసి, అడిగినవాళ్ళకల్లా పంచుతారు. పట్టీ వచ్చినవాళ్ళు గుంటలు తవ్వి, ఎరువు పోసి, దోసపాదులూ పుచ్చపాదులూ పెట్టుకుంటారు. పక్కనే ఇసుకలో చెలమ తీసి ఆ నీళ్ళే పోస్తారు. మళ్ళీ వరదొస్తే పాదులన్నీ ఏటిపాలు. అయినా ఎవరూ ఏడవరు. పని తగ్గించుకున్న ముసలాళ్ళంతా చేరేది అక్కడే. కాసిని నీళ్ళు పోసి, కొంగల్నీ లకుముకి పిట్టల్నీ చూస్తూ పొద్దు గడుపుతారు.

మాలకొండయ్యన్న సంగతి వేరు. కిందటేడు ఒక పెళ్ళిలో ఊపిరి అందక కూర్చున్నచోటే ఒరిగిపోయాడు. డాక్టరు పని సగం చేసుకోమన్నాడు. సరేనని ముహూర్తాలు తాను ఉంచుకుని, ఊరేగింపులు మేనకోడలు కామాక్షికి అప్పగించాడు. చిన్నప్పటినుంచీ ఆయన దగ్గరే నేర్చుకున్న పిల్ల. ఆ ఇంటి బాణీ పట్టుకున్నది ఆమె ఒక్కతే, ఆయన తర్వాత ఇంకెవరూ లేరు. అప్పగించాడన్న మాటేగానీ ఒక్క ఊరేగింపూ మానింది లేదు ఈ మహానుభావుడు. ముందు నడుస్తూ తాళం వేస్తాడు, ఆ పిల్ల రాగం అందుకుంటే దగ్గుతాడు, సంగతి తేడాగా పడితే కనుబొమ్మలు ఎగరేస్తాడు. ఒకనాడు నిశ్చితార్థం ఊరేగింపులో ఆమె తోడి రాగం మధ్యలో ఉండగా చేతిలోంచి సన్నాయి తీసుకుని తానే పూర్తి చేశాడు. నా చెయ్యి డోలు మీద ఆగిపోయింది. పదిమందిలో ఆ పిల్ల మొహం చూడలేకపోయాను.

మర్నాడు కామాక్షి అన్న ఇంటికొచ్చి, గట్టిగా ఒక్కమాట అనకుండా, వైశాఖం పెళ్ళిళ్ళు అయ్యేదాకా ఉంటాననీ, తర్వాత గూడూరు మేళంవాళ్ళు పిలుస్తున్నారు గనక అటు వెళ్ళిపోతాననీ చెప్పింది. ఆ రాత్రి అన్న అన్నం ముట్టలేదు. తెల్లారగానే నన్ను వెంటబెట్టుకుని గురువుగారి దగ్గరికొచ్చి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

“గురువుగారూ, నిండుగా ఊదడం మీరు నేర్పారు. పూర్తిగా మానమంటే ఏడుస్తానేమో గానీ మానేస్తాను. ఈ సగమే చేతకావడం లేదు. సగం పని ఎట్లా చెయ్యాలి?” అన్నాడు.

గురువుగారు విన్నారు. విని, మొలకలకి నీడ కట్టాలి, తాటాకులు ఎత్తుకో అన్నారు. నేను నవ్వాపుకున్నాను.

ఫాల్గుణంలో ఖాళీజాగాల్లో మళ్ళీ పెట్టిన దోసగింజలు అప్పుడే మొలకలెత్తి ఉన్నాయి. చైత్రం ఎండకి లేతమొలక నిలవదు. అందుకని ప్రతి పాదుకీ ఎండ వచ్చే వైపున తాటాకు ముక్క గుచ్చుతారు మావాళ్ళు. అన్న గుచ్చుకుంటూ పోతున్నాడు, నేను ఆకులు అందిస్తున్నాను. వరస మధ్యలో ఒకచోట గుంట తవ్వకుండా వదిలేసి ఉంది. ఎందుకొదిలారని అడిగితే గురువుగారు వేలు చూపించారు. ఎంత చూసినా మాకు ఇసుకే కనిపించింది. కళ్ళు నులుముకుని వంగి చూస్తే గులకరాళ్ళ మధ్య, గులకరాళ్ళ రంగులోనే, నాలుగు గుడ్లు. ఒక అడుగు అటు వేసుంటే తొక్కేవాళ్ళం. అంతలో నెత్తిమీద తీతువు అరిచింది.

మాలకొండయ్యన్న రెండడుగులు వెనక్కి పడ్డాడు. ఇంటి మీదుగా తీతువు కూస్తూ పోతే కీడని మా పెద్దల మాట. పెళ్ళికి బయల్దేరేటప్పుడు అది కూసిందంటే మా మేళంవాళ్ళు మళ్ళీ లోపలికొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి గానీ కదలరు. మంగళవాయిద్యం వాయించే చేతులతో ఈ పిట్టకి జాగా ఇచ్చారేమిటని అన్న నసిగాడు.

“అది దాని సన్నాయి అబ్బయ్యా. నీ చెవికి నచ్చాలని ఊదదు,” అన్నారు గురువుగారు. చూస్తూ ఉండమని చెప్పి, ఒడ్డునున్న పందిరి కిందికి వెళ్ళి నడుం వాల్చారు.

పొద్దు నడినెత్తికొచ్చింది. ఇసుకలో కాలు పెడితే బొబ్బలెక్కేలా ఉంది. తీతువు గుడ్ల మీద కూర్చోకుండా వాటి పైన ఎత్తుగా నిలబడి, నోరు తెరుచుకుని రొప్పుతోంది. చూసి అన్నకి జాలేసింది. ఆయన గుండె వెన్న, అది ఒప్పుకోవాలి. మొలకకి కట్టినట్టే దీనికీ నీడ కడదామని పెద్ద తాటాకు తీసుకెళ్ళి గుడ్ల పక్కన గుచ్చాడు. వద్దన్నా అంటే వినలేదు. పిట్ట కేకలు పెడుతూ లేచింది. ఎక్కణ్ణుంచో జతపిట్ట కూడా వచ్చి, రెండూ ఆయన తలమీదికి దూసుకొస్తున్నాయి. ఒకటి కిందికి దిగి రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ దూరంగా పరిగెత్తింది. మనల్ని అటు లాక్కుపోవాలని దాని ఎత్తు. అన్న కదిలితేగా. నీడ పెడితే అరుస్తుంది, దీనికి మంచీ చెడూ తెలీదు మస్తానూ, అంటూ ఆ ఆకు పక్కనే గొంతుకూర్చున్నాడు, పిట్ట వచ్చి ఆ నీడలో సుఖంగా కూర్చునేదాకా కాపలా కాస్తాడట.

పిట్ట రాలేదు. కాసేపటికి అన్న గుడ్డు పక్కన ఇసుక ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆకు నీడ పడ్డా నేల సెగ తగ్గలేదు. కంగారుపడి ఇంకా వంగాడు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ఏమిటన్నా అంటే నోటిమీద వేలేసుకున్నాడు. నేనూ చెవి దగ్గర పెట్టాను. గుడ్డు లోపలినుంచి కూత వినిపిస్తోంది. సన్నగా, ఆగి ఆగి. పెంకు కూడా పగలకముందే లోపలున్నది పిలుస్తోంది. జీవితమంతా శ్రుతులు విన్న మనిషి, అన్న కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ వెంటనే మొహం పాలిపోయింది. ఆ ప్రాణం ఎండలో వేగిపోతోందనీ, దానికి కారణం తానేననీ అర్థమైంది.

కుండ తెస్తాననీ నీళ్ళు పోస్తాననీ లేచి తడబడుతుంటే గురువుగారు పందిరి కింద నిలబడి ఉన్నారు. “ఆకు పీకెయ్యి. ఇవతలికి రా,” అన్నారు.

అన్న ఆకు పీకి పది బారల దూరం వచ్చి ఆగాడు. గురువుగారు ఇంకా రమ్మన్నారు. ఇంకొంచెం వచ్చి వెనక్కి తిరిగి చూశాడు. ఇంకా రమ్మన్నారు. కన్నబిడ్డని బావి గట్టున వదిలి వస్తున్నట్టు నడిచాడు పాపం. ఇంత దూరంనుంచి నేనేం చెయ్యగలనని గొణిగాడు.

అప్పుడు చూశాం. తీతువు గుడ్ల వైపు పోకుండా ముందు చెలమ దగ్గరికి దిగింది. నీళ్ళలోకి నడిచి, రొమ్ము ఆనించి, ఈకలు విదిలించి విదిలించి తడుపుకుంది. తడిసిన ఒంటితో ఆ మండే ఇసుకలో పరుగున వచ్చి గుడ్ల మీదికి చేరి, కూర్చోకుండా ఎత్తుగా నిలబడింది. రొమ్ము ఈకలనుంచి నీళ్ళు గుడ్ల మీద కారుతున్నాయి. ఒళ్ళు నీడ, ఈకలు నీళ్ళు. అది ఆరిపోయేసరికి జతపిట్ట తడిసి వచ్చింది, ఇది జరిగి దానికి చోటిచ్చి చెలమకి పోయింది. అట్లా ఒకటి తర్వాత ఒకటి. ఎవరు నేర్పారు దానికి? కీడు పిట్టని తిట్టిన మా నోళ్ళు మూతపడ్డాయి. నేను చేతులెత్తి దండం పెట్టాను, సిగ్గుపడకుండా చెబుతున్నాను.

“కూర్చోదా గురువుగారూ?” అని అన్న అడిగాడు.

చల్లటిపూట కూర్చుంటుంది, ఈ ఎండలో కూర్చుంటే ఉడికిపోతాయి అన్నారాయన. అంతే. పొద్దు వాలేదాకా ముగ్గురం అక్కడే ఉన్నాం. భోజనం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

మర్నాడు పొద్దున్నే మాకంటే ముందు అన్న ఏట్లో ఉన్నాడు. మేం వెళ్ళేసరికి ఖాళీ ఇసుక ముందు నిలబడి ఉన్నాడు. గుడ్లు లేవు, పెంకుముక్క కూడా లేదు. కుక్కలు తినిపోయాయి గురువుగారూ, నా పాపమే అన్నాడు. గురువుగారు భుజం మీద చెయ్యేసి దోసతీగల వైపు తిప్పారు. దూరాన తీతువు చిన్నగా పలికింది. తీగల కిందినుంచి బొటనవేలంత పిల్ల ఒకటి లేచి, కాళ్ళమీద నిలబడి, పురుగుని ముక్కుతో పొడిచింది. దాని వెనక ఇంకోటి. ఇంకో రెండు. రాత్రి గుడ్డులో ఉన్నవి పొద్దున్నే తమ తిండి తాము ఏరుకుంటున్నాయి. తల్లి కాస్త ఎడంగా నిలబడి ఆకాశం చూస్తోంది. గద్ద నీడ పడితే ఒక్క కూత, పిల్లలన్నీ ఇసుకకి కరుచుకుపోయి కనిపించకుండా పోతాయి. గద్ద పోగానే మళ్ళీ నడక. అన్న అక్కడే ఇసుకలో చతికిలబడ్డాడు.

ఆ సాయంత్రం మా ఊళ్ళోనే పెళ్ళి ఊరేగింపు, కామాక్షి మేళం. అన్న రాడేమో, హమ్మయ్య అనుకున్నాను. వచ్చాడు. చంకలో ఫ్లాస్కు. ముందుకి పోకుండా శ్రుతిపెట్టెవాడి వెనక చేరాడు. ఆ పిల్ల ఆయన్ని చూసి బిగుసుకుపోయింది, మొదటి కీర్తన ప్రాణం లేకుండా సాగింది. ఆగినప్పుడు అన్న గోరువెచ్చటి నీళ్ళు మూతలో పోసి చాపాడు. ఆమె తాగి, మూత వెనక్కిచ్చి, తోడి అందుకుంది. ఏమని చెప్పను! మధ్యలో ఆయన నేర్పని దారి ఒకటి పట్టింది. అన్న చెయ్యి గాల్లోకి లేచింది. ఆ చెయ్యి మెల్లగా దిగి ఫ్లాస్కు మూత మీద వాలింది. పిల్ల ఆ దారినే పోయి, పోయి, ఎక్కడో పైన నిలిచి, మా బాణీలోకే దిగొచ్చింది. పెళ్ళివారు నడక మరిచి నిలబడిపోయారు. అన్న మొహం ఎట్లా ఉందంటే, ముందురోజు గుడ్డు దగ్గర చెవి ఆనించినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే.

అంతా అయ్యాక కామాక్షి సన్నాయి తుడుచుకుంటూ, “జ్యేష్ఠంలో కావలి పెళ్ళి మన మేళానికే ఒప్పుకున్నాను మామా. ఎండలు మండిపోతుంటాయి, ఇంకాస్త పెద్ద ఫ్లాస్కు కొనుక్కో,” అంది. అన్న తల ఊపాడు.

మర్నాడు ఏటికెళ్ళి జరిగిందంతా గురువుగారికి విన్నవించాడు. ఆయన పాదులకి నీళ్ళు పోస్తూ విన్నారు. చివరికి అన్న చేతులు కట్టుకుని, అంతా బాగానే ఉంది గానీ సగం పని ఎట్లా చెయ్యాలన్న తన ప్రశ్నకి మాత్రం జవాబు రాలేదన్నాడు. గురువుగారు కుండ కింద పెట్టారు.

“సగమా? మిట్టమధ్యాహ్నం నిలబడ్డ ఆ తీతువునడుగు అబ్బయ్యా, అది చేసింది సగం పనేనేమో.”