చేపకి మాటలొచ్చిన కథ

కళ్ళు మూసుకో అమ్మలూ, చెవులు మాత్రం నాకిచ్చెయ్.

అనగనగా సముద్రం ఒడ్డున ఒక జాలరి పల్లె. అక్కడ నూకరత్నం అని నీ అంత పిల్ల ఉండేది. పొద్దుగూకితే చాలు, వాళ్ళ నాన్నమ్మ వాకిట్లో వల బాగుచేస్తూ కథలు చెప్పేది. ఆ కథలంటే నూకరత్నం వాళ్ళమ్మ పైడమ్మకి ప్రాణం. పొయ్యి మీద కూర మాడుతున్నా కదిలేది కాదు.

ఒక ఏడు పైడమ్మకి పెద్ద జ్వరం వచ్చింది. అది పోతూ పోతూ ఆమె వినికిడిని పట్టుకుపోయింది. ఆ తర్వాత కథ మొదలవగానే పైడమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయేది. అందరూ నవ్వుతుంటే, ఎందుకో తెలియకుండా కూర్చోవడం కష్టం కదూ. నూకరత్నం అది కనిపెట్టింది.

అప్పుడు అమ్మని ఒడ్డుకి తీసుకెళ్ళి, పుల్లతో ఇసకలో నాన్నమ్మ చెప్పే ముసలి చేప కథ గీయడం మొదలెట్టింది. సగం గీసేసరికి అల వచ్చి తుడిచేసింది.

అప్పుడు బొగ్గుతో గోడ మీద గీసింది. వాన కురిసి గోడంతా నల్లగా కారిపోయింది.

చిన్నబోయి కూర్చున్న పిల్లని వాళ్ళ చిన్నాన్న ఎర్రయ్య చూశాడు. ఆయన పడవలకి రంగులేసేవాడు. "నీళ్ళకి పోని రంగు నా కాడుంది, రాయే" అన్నాడు. కుంచె ఎలా పట్టాలో, కంట్లో చుక్క ఎక్కడ పెడితే చేప బతికొస్తుందో చూపించాడు. ఆ తర్వాత నూకరత్నం పాత తెరచాప గుడ్డ మీద జాలరినీ, వలలో పడ్డ ముసలి చేపనీ వేసింది.

పైడమ్మ ఆ బొమ్మని ఆశగా చూసింది. చేప నోటి మీద వేలు పెట్టి, "ఏటంటోందే ఇది?" అని అడిగింది.

నూకరత్నం నోటితో చెప్పినా అమ్మకి వినపడదు. బొమ్మ అన్నీ చూపిస్తుంది గానీ, మాట చెప్పదు కదా.

బడంటే పారిపోయే ఆ పిల్ల, మర్నాడు తనంతట తనే వెళ్ళి పంతులమ్మ ముందు నిలబడింది.

"మా చేప మాట్లాడాలండి. అచ్చరాలు కావాలి."

పంతులమ్మ నవ్వలేదు. "అయితే చ తోనే మొదలెడదాం రా" అంది.

అక్కడ నేర్చుకున్నదల్లా ఇంటికొచ్చి అమ్మకి నేర్పేది. చ పక్కన చేప బొమ్మ, ప పక్కన పడవ బొమ్మ. పైడమ్మ మొదట సిగ్గుపడింది. ఆ తర్వాత తనే పలక పట్టుకుని గుమ్మంలో ఎదురుచూసేది.

ఒకనాడు నూకరత్నం చేప నోటి పక్కన నాన్నమ్మ కథలోని మాట రాసింది. పైడమ్మ కూడబలుక్కుని చదివింది.

"నన్ను... వండితే... కారం... తగ్గించు."

చదివి, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

ఆ రోజు పట్టిన కుంచెనీ కలాన్నీ నూకరత్నం జుట్టు నెరిసినా వదల్లేదు. పిల్లల కోసం ఎన్నో పుస్తకాలు రాసింది, బొమ్మలూ తనే వేసింది. ఏది రాసినా ముందు పైడమ్మే చదవాలి. "ఈ రాజు మరీ వాగుడుకాయ" అని ఆవిడంటే, మారుమాట్లాడకుండా రాజు మాటలు కొట్టేసేది.

ఆఖరికి ఒక మధ్యాహ్నం ముసలి పైడమ్మ నాలుగు కాగితాలు తెచ్చి కూతురి ఒళ్ళో పెట్టింది. వంకర టింకర అక్షరాలతో తను సొంతంగా అల్లిన కథ.

"బొమ్మలు నువ్వెయ్యే" అంది.

అన్ని పుస్తకాలకి బొమ్మలేసిన నూకరత్నం, ఆ రోజు కుంచెని మొదటిసారి పట్టినంత జాగ్రత్తగా పట్టుకుని బొమ్మలేసింది. ఆ పుస్తకం అట్ట మీద ముందు అమ్మ పేరు, కింద కూతురి పేరు.

కథేమో కంచికి,
కలేమో కంటికి,
మనమేమో ఇంటికి.