ఎల్లమంద లేచిపోయిన చోటు

పాలంకయ్యకి కాలు ఒకచోట నిలవడం లేదు. తెల్లారితే తిరునాళ్ల. పదేళ్లపాటు గురువు సోమలింగయ్య వెనక తాళం వేసి వేసి, ఇన్నాళ్లకి సొంతంగా కథ చెప్పబోతున్నాడు. అదీ ఎవరి కథ? మొన్ననే యుద్ధం నుంచి తిరిగొచ్చిన సొంతూరి వీరుడు ఎల్లమంద కథ!

వీరగాథలు చెప్పే కథకుల్లో ఒక కట్టుబాటుంది. బతికున్న వీరుడి కథ చెబితే ఆయన తలపాగా చుట్టుకుని ముందు వరసలో కూర్చోవాలి. జనం ముందు కథ మధ్యలో లేచిపోయాడా, కథ అక్కడితో సరి. మళ్లీ ఈ జన్మలో ఎత్తుకోకూడదు.

ఎల్లమందేమో లేచిపోతున్నాడు! సాధనగా ఇంట్లో మూడుసార్లు వినిపిస్తే మూడుసార్లూ అదే వరస. "ఒక్కడే పన్నెండు తలలు తెగనరికె" అనగానే పంచె దులుపుకుని వెళ్లిపోయాడు.

"ఏం తక్కువైంది గురువుగారూ? పన్నెండు చాలకపోతే ఇరవై చేస్తాను కదా!" పాలంకయ్యకి ఏడుపొక్కటే తక్కువ.

సోమలింగయ్య శిష్యుడి చేతిలోంచి, కథలో ఝళిపించే కత్తి తీసి గూట్లో పెట్టాడు. వంగి, కాళ్ల గజ్జెలు తనే విప్పాడు. చెయ్యి పట్టుకుని ఎల్లమంద ఇంటికి నడిపించాడు.

ఎల్లమంద దొడ్లో గేదెకి కుడితి పెడుతున్నాడు.

"మావాడు పన్నెండుమంది అంటున్నాడు. ఎంతమంది నాయనా?" అడిగాడు సోమలింగయ్య.

ఎల్లమంద ఇంకో గుప్పెడు తవుడు కుడితిలో కలిపాడు.

"ఒక్కడయ్యా. చెప్పు తెగితే కూచుని ముడేసుకుంటున్నాడు. నన్ను వాళ్లవాడే అనుకున్నాడు. తలైనా ఎత్తకుండా, 'ఆగన్నా, వస్తున్నా' అన్నాడు."

"తర్వాత?"

"నేను ఆగలేదు."

"మరి మిగతా యుద్ధమంతా?" అన్నాడు పాలంకయ్య ఆత్రంగా.

"నడక, దాహం, విరేచనాలు. ఏం పాడతావ్?"

పాలంకయ్య గురువు వంక తిరిగాడు. "రేపెలాగండీ? ఊరంతా వస్తుంది. ఇది వీరగాథేనా అసలు!"

"ఇక్కడే ఎత్తుకో. ఆ చెప్పు దగ్గర్నుంచి," అన్నాడు సోమలింగయ్య.

తాళం లేదు, గజ్జె లేదు. పాలంకయ్య గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. తెగిన చెప్పు చెప్పాడు, వేస్తున్న ముడి చెప్పాడు. "ఆగన్నా" అన్నాడు. ఆపైన మాట పెగల్లేదు. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి.

ఎల్లమంద కుడితి గోలేన్ని ఆనుకుని నేలమీద కూలబడ్డాడు. లేవలేదు.

"కథలో పన్నెండుమందిని నరికావు కదరా, ఒక్కసారైనా గొంతు పూడుకుపోలేదు," అన్నాడు సోమలింగయ్య శిష్యుడితో. "రేపు ఇక్కడ ఆగిపోయినా ఫరవాలేదు."